పశువుల పాకకి, పందిరికి, గేటుకి ఏ పూత మంచిది? పౌడర్ కోటింగ్, గాల్వనైజింగ్, పెయింట్ మధ్య తేడా



ప్రకృతి వ్యవసాయం గురించి చెప్పే చోట ఇనుము, పూతలు అంటున్నారేంటి అనుకోవచ్చు. కారణం ఉందండి. మనం ఎరువుల కొట్టుకి, మందుల కొట్టుకి పెట్టే ఖర్చు తగ్గించుకున్నాం. కానీ పాక, పందిరి, కంచె, గేటు, డ్రమ్ము స్టాండు, స్ప్రేయరు వీటికి పెట్టే డబ్బు మాత్రం ఒకేసారి పెద్ద మొత్తంలో పోతుంది. చాలామంది అప్పు చేసి కట్టుకుంటారు. అది నాలుగేళ్ళకే తుప్పు పట్టి కూలితే విత్తనంలో, ఎరువులో మిగుల్చుకున్నదంతా వెల్డింగ్ షాపుకి వెళ్ళిపోతుంది.

ఈ మధ్య నన్ను ఎక్కువగా అడుగుతున్న ప్రశ్న ఒకటే. "అన్నా, పౌడర్ కోటింగ్ చేయిస్తే ఇక తుప్పే పట్టదంట కదా, పాకకి అదే చేయించమంటారా?" ముందు పొట్టిగా జవాబు చెప్పేస్తాను. పౌడర్ కోటింగ్ మంచి పూతే. కానీ అది ఇనుముకి వేసిన చొక్కా లాంటిది. చొక్కా చిరిగిన చోట ఒంటికి రక్షణ ఉండదు. గాల్వనైజింగ్ అంటే కాపలా మనిషిని పెట్టడం లాంటిది. దెబ్బ ముందు అతనే తింటాడు. కాబట్టి "ఏది గొప్ప?" అని అడగడం కన్నా "ఈ వస్తువు ఎక్కడ ఉంటుంది, దానికి ఏం తగులుతుంది, గీతలు పడతాయా?" అని అడగాలి. మిగతాదంతా ఈ మూడు ప్రశ్నల చుట్టూనే తిరుగుతుంది. పూత వేసిన పైపు ముక్కలు పక్కపక్కన పెట్టి వీడియోలో చూపించాను. వివరంగా కావాలనుకునేవాళ్ళ కోసం ఇక్కడ రాస్తున్నాను.

మన పొలంలో ఇనుము ఎందుకు త్వరగా పాడవుతుంది?

ఇనుముకి నీరు, గాలి రెండూ తగిలితే తుప్పు పడుతుంది. ఇది అందరికీ తెలిసిందే. ఆ నీటిలో ఉప్పు ఉంటే ఇంకా వేగంగా పడుతుంది. సముద్రం దగ్గర ఊళ్ళలో గేట్లు, గ్రిల్స్ త్వరగా పోవడానికి కారణం అదే.

మన దగ్గర దీనికి తోడు ఇంకొకటి ఉంది. ఆవు మూత్రంలో యూరియా ఉంటుంది, లవణాలు ఉంటాయి. పేడలో ఉండే సూక్ష్మజీవులు ఆ యూరియాని అమ్మోనియాగా మారుస్తాయి. పాకలో పొద్దున్నే ముక్కుకి ఘాటుగా తగిలే వాసన అదే. తడి పేడ స్తంభం మొదట్లో అంటుకుని ఉంటే ఆ చోటు ఎప్పటికీ ఆరదు. తడి, ఉప్పు, అమ్మోనియా మూడూ ఒకే చోట. అందుకే పాక స్తంభం పైన నిగనిగలాడుతూనే ఉంటుంది, కింద జానెడు ఎత్తులో మాత్రం తినేస్తుంది.

ఇక పుల్లటి మజ్జిగ, కషాయాలు, బోర్డో మిశ్రమం లాంటివి. వీటిలో కొన్ని ఆమ్లాలు, కొన్నిటిలో రాగి. ఇవి లోహం మీద పనిచేసే తీరు వేరు. దాని గురించి కింద చెప్తాను.

1. బ్రష్షు పెయింటు: రెడ్ ఆక్సైడ్, ఎనామెల్

మన ఊళ్ళలో అందరికీ అందుబాటులో ఉన్నది ఇదే. వెల్డింగ్ అయ్యాక ఒక కోటు రెడ్ ఆక్సైడ్ ప్రైమరు, పైన రెండు కోట్లు ఎనామెల్. ఒక్కో కోటు ఆరాక సుమారు 25 నుంచి 40 మైక్రాన్ల మందం వస్తుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు.

దీని పెద్ద గుణం ఏంటంటే, పొలంలోనే వేసుకోవచ్చు, పాడైతే మళ్ళీ మనమే వేసుకోవచ్చు. మిగతా పూతలకి ఆ వీలు లేదు. లోపం ఏంటంటే పొర పలచన, ఎండకి పొడిబారి రేగుతుంది. రెండు మూడేళ్ళకోసారి గీకి వేయకపోతే నిలవదు. పైగా థిన్నరు ఆరే కొద్దీ గాలిలోకి పోతుంది, ఆ వాసన మన ఊపిరిలోకే వస్తుంది.

ఒక జాగ్రత్త. పాత ఇనుము మీది పెయింటు గీకేటప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకోండి, ఆ పొడి పశువుల మేతలో, మట్టిలో పడకుండా కింద పట్టా పరవండి. పాత పెయింట్లలో సీసం ఉండేది. ఇంటి పెయింట్లలో సీసం 90 పీపీఎం దాటకూడదని మన దేశంలో 2016లో నియమాలు వచ్చాయి, 2017 నవంబరు నుంచి అమలయ్యాయి. అంతకు ముందు వేసిన పెయింటు మీద అనుమానం ఉంచుకోవడమే మంచిది. రసాయనం వద్దని సాగు చేసే నేలలో సీసం పొడి కలపడం న్యాయం కాదు కదా.

2. పౌడర్ కోటింగ్

ఇది తడి పెయింటు కాదు. సన్నటి రంగు పొడికి విద్యుత్ ఆవేశం ఇచ్చి గన్నుతో చల్లుతారు. ఇనుముకి ఎర్తు ఇచ్చి ఉంచుతారు కాబట్టి పొడి వెళ్ళి దానికి అతుక్కుంటుంది. తర్వాత పెద్ద ఓవెన్‌లో పెట్టి 180 నుంచి 200 డిగ్రీల వేడిలో పది పదిహేను నిమిషాలు ఉంచుతారు. పొడి కరిగి, కలిసిపోయి, గట్టి పొరగా మారుతుంది. మందం మామూలుగా 60 నుంచి 80 మైక్రాన్లు.

*మంచి గుణాలు:* థిన్నరు అక్కర్లేదు, కాబట్టి గాలిలోకి పోయే ఘాటు దాదాపు ఉండదు. పక్కన పడిన పొడిని చాలావరకు ఎత్తి మళ్ళీ వాడుకోవచ్చు. పొర అంతటా సమానంగా, గట్టిగా ఉంటుంది. బ్రష్షు పెయింటు కన్నా గీతలకి బాగా తట్టుకుంటుంది. పర్యావరణం వైపు నుంచి చూస్తే పెయింటు కన్నా ఇదే మెరుగు.

*తెలుసుకోవలసిన సంగతులు:*

పొడిలో రకాలున్నాయి. ఎపాక్సీ పొడి రసాయనాలకి బాగా తట్టుకుంటుంది, కానీ ఎండ పడితే సుద్దలా పొడిబారుతుంది. పాలియెస్టర్ పొడి ఎండకి నిలుస్తుంది. రెండూ కలిపిన హైబ్రిడ్ పొడి ఇంటి లోపలి సామానుకి. కుర్చీలు, బీరువాలు చేసే షాపుల్లో ఎక్కువగా ఉండేది ఈ హైబ్రిడ్డే. మీరు గేటు తీసుకెళ్ళి "పౌడర్ కోటింగ్ వేయండి" అంటే ఉన్న పొడే వేసేస్తారు. "బయట ఎండలో ఉంటుంది, ప్యూర్ పాలియెస్టర్ వేయండి" అని నోరు తెరిచి చెప్పాలి.

రెండోది, పొడి కన్నా ముందు జరిగే కడుగుడు ముఖ్యం. జిడ్డు తీయడం, నీళ్ళతో కడగడం, ఆమ్లంలో తుప్పు తీయడం, మళ్ళీ కడగడం, ఫాస్ఫేటు పొర పట్టించడం ఇలా వరుసగా తొట్లలో ముంచుతారు. షాపుల్లో దీన్ని సెవెన్ ట్యాంక్ ప్రాసెస్ అంటారు. కొందరు ఇదంతా మానేసి గుడ్డతో తుడిచి పొడి కొట్టేస్తారు. బయటికి రెండూ ఒకేలా మెరుస్తాయి. తేడా మొదటి వానాకాలం పోయాక తెలుస్తుంది.

మూడోది, పైపు లోపలికి, లోతైన మూలల్లోకి పొడి సరిగ్గా వెళ్ళదు. విద్యుత్ ఆవేశం బయటి అంచుల దగ్గరే ఎక్కువగా పనిచేస్తుంది. అందుకే చదరం పైపు బయట బాగుండి, లోపల నుంచి తుప్పు తినేసుకుంటూ వస్తుంది.

నాలుగోది, గీత పడి ఇనుము బయటపడితే అక్కడ మొదలైన తుప్పు పొర కింద నుంచి పాకుతుంది. పైన బొబ్బలా లేస్తుంది. మీకు కనపడేసరికి లోపల సగం పని అయిపోయి ఉంటుంది.

మా పక్క ఊళ్ళో ఒక రైతు ఎనిమిది పశువులకి ఇలాంటి పాకే కట్టించుకున్నాడు. బూడిద రంగు పౌడర్ కోటింగ్, చూడటానికి కారు షోరూములా ఉండేది. పాకలో దిగేటప్పుడు స్తంభం పొడవు సరిపోలేదని కింద కోసి, అక్కడికక్కడే పలక వెల్డింగ్ చేశారు. ఆ వెల్డింగ్ మీద స్ప్రే డబ్బాతో అదే రంగు కొట్టి వెళ్ళిపోయారు. మూడో వానాకాలంలో నేను వెళ్ళి చూస్తే నాలుగు స్తంభాల మొదట్లో బొబ్బలు. గునపం కొనతో తడితే లోపలికి దిగిపోయింది. పైన రేకులు, గాలివాన రోజులు, కింద పాలిచ్చే ఆవులు. ఆ సాయంత్రమే పశువుల్ని చింతచెట్టు కిందికి మార్చి, వెదురు బొంగులు పోటు పెట్టాం. తర్వాత మొదళ్ళు కోసి కొత్తవి అతికించి, చుట్టూ సిమెంటు దిమ్మ కట్టుకున్నాడు. అక్కడ పొడి తప్పు ఏమీ లేదు. పూత వేశాక కోయడం, వెల్డింగ్ చేయడం, మూత్రం నిలిచే చోట స్తంభం నిలబెట్టడం ఇవే దాన్ని తినేశాయి.

3. గాల్వనైజింగ్: అన్నీ ఒకటి కాదు

"జి.ఐ." అనే మాట కింద మన దగ్గర మూడు వేర్వేరు సరుకులు అమ్ముతారు. ఇది బాగా గుర్తుపెట్టుకోండి.

*వేడి ముంచుడు గాల్వనైజింగ్:* తయారైన వస్తువుని సుమారు 450 డిగ్రీల వేడిలో కరిగిన జింకులో ముంచుతారు. జింకు ఇనుముతో కలిసి పొరలుగా అతుక్కుంటుంది. పైపు లోపల కూడా పడుతుంది. ఐ.ఎస్. 4759 ప్రమాణం ప్రకారం 5 మిల్లీమీటర్లు, ఆ పైన మందం ఉన్న ఉక్కుకి ప్రతి చదరపు మీటరుకి 610 గ్రాముల జింకు ఉండాలి, అంటే సుమారు 85 మైక్రాన్లు. 2 నుంచి 5 మిల్లీమీటర్ల లోపు ఉక్కుకి 460 గ్రాములు, అంటే సుమారు 64 మైక్రాన్లు.

*ముందే జింకు పట్టించిన రేకు, దాంతో చేసిన పైపు:* షాపుల్లో జి.పి. పైపు అంటారు. ముందు రేకుకి జింకు పట్టించి తర్వాత పైపుగా చుడతారు. 120 జి.ఎస్.ఎం. రేకు అంటే రెండు వైపులా కలిపి చదరపు మీటరుకి 120 గ్రాములు. లెక్క వేస్తే ఒక్కో వైపు 8 మైక్రాన్లకి కొంచెం పైన. 275 జి.ఎస్.ఎం. అయితే ఒక్కో వైపు 19 మైక్రాన్లు. చూశారా, ముంచిన పైపుకీ దీనికీ ఎంత తేడానో.

*ఎలక్ట్రోప్లేటింగ్:* బోల్టులు, నట్లు, గొళ్ళేల మీద తెల్లగానో పసుపు ఛాయలోనో మెరిసేది. విద్యుత్‌తో పట్టించిన పలచటి జింకు, 5 నుంచి 12 మైక్రాన్లు. ఇంట్లో బాగుంటుంది. పాకలో, పందిరిలో త్వరగా పోతుంది. మంచి పైపు కొని, దానికి మెరిసే చవక బోల్టు పెడితే ముందు బోల్టే విరుగుతుంది.

ఇప్పుడు జింకు ఎందుకు కాపలా మనిషో చెప్తాను. మీలో చాలామంది బోర్డో మిశ్రమం తయారు చేసి ఉంటారు. సున్నం సరిపోయిందో లేదో చూడటానికి శుభ్రమైన ఇనుప కత్తి ముంచుతాం. సున్నం చాలకపోతే కత్తి మీద ఎర్రగా రాగి పడుతుంది. అక్కడ ఇనుము కరిగి రాగిని బయటికి పంపింది. లోహాల్లో ముందు ఎవరు కరగాలి అనే వరుస ఒకటి ఉంది. రాగి కన్నా ఇనుము ముందు కరుగుతుంది. ఇనుము కన్నా జింకు ముందు కరుగుతుంది. అందుకే గాల్వనైజింగ్ మీద గీత పడి కాస్త ఇనుము కనపడినా, చుట్టూ ఉన్న జింకు తాను కరిగి ఇనుముని కాపాడుతుంది. పౌడర్ కోటింగ్‌కి ఈ గుణం లేదు.

జింకు ఎంత కాలం వస్తుందో కూడా ఒక అంచనా వేసుకోవచ్చు. సముద్రానికి దూరంగా, పొడిగా ఉండే ఊళ్ళలో జింకు సంవత్సరానికి 0.7 మైక్రాన్ లోపే పోతుంది. కాస్త తేమ ఉన్న చోట 2 మైక్రాన్ల వరకు. సముద్రపు ఉప్పు గాలి బాగా తగిలే చోట 4 నుంచి 8 మైక్రాన్లు. ఏడాదికి 2 మైక్రాన్ల చొప్పున పోతే 64 మైక్రాన్ల పూత 30 ఏళ్ళు దాటుతుంది, 8 మైక్రాన్లది నాలుగేళ్ళకే అయిపోతుంది. రెండిటినీ కొట్టులో "జి.ఐ." అనే అంటారు! అయితే ఈ లెక్క బయటి గాలికే. పాక లోపల మూత్రం తగిలే చోట ఇది పనికిరాదు.

4. జింకుకి పడనివి

గాల్వనైజింగ్ అన్నిటికీ మందు కాదు. జింకు ఆమ్లానికీ కరుగుతుంది, బాగా ఘాటైన క్షారానికీ కరుగుతుంది. పీహెచ్ 6కి తగ్గితే వేగంగా పోతుంది. పుల్లటి మజ్జిగ అంతకన్నా చాలా పులుపు. కాబట్టి ఇవి పాటించండి.

- పుల్లటి మజ్జిగ, పండ్ల ద్రావణాలు, పులిసిన కషాయాలు జి.ఐ. బకెట్లో, జి.ఐ. డ్రమ్ములో నిలవ పెట్టకండి. జింకు అందులోకి దిగుతుంది. మనుషులు తాగే మజ్జిగ, పులుపు ఏదైనా అసలే వద్దు, వాంతులు అవుతాయి.
- బోర్డో మిశ్రమం, మైలుతుత్తం నీళ్ళు ఇనుప బకెట్లో, జి.ఐ. బకెట్లో కలపకండి. పైన చెప్పిన కత్తి పరీక్షే అక్కడ బకెట్టంతా జరుగుతుంది. బకెట్టూ పోతుంది, మిశ్రమంలో రాగీ తగ్గుతుంది.
- జీవామృతం, గోమూత్రం నిలవకి ప్లాస్టిక్ డ్రమ్ము, సిమెంటు తొట్టి, మట్టి కుండ సరిపోతాయి. ఇక్కడ ఏ పూతా వెతుక్కోనక్కర్లేదు.
- స్ప్రేయరులో ఇత్తడి నాజిల్, ఇత్తడి లాన్సు ఉంటే గోమూత్రం కొట్టిన రోజే మంచినీళ్ళతో కడగండి. అమ్మోనియా ఇత్తడిని చిలుము పట్టించడమే కాదు, సన్నగా పగుళ్ళు కూడా తెప్పిస్తుంది.

మన వాళ్ళు కొందరు పుల్లటి మజ్జిగలో కావాలనే రాగి ముక్క వేసి ఉంచుతారు. అది తెలిసి చేసే పని, ఏం దిగుతుందో తెలుసు. బకెట్టు పూత తెలియకుండా దిగడం దానితో సమానం కాదు.

5. రెండూ కలిపితే?

గాల్వనైజ్ చేసిన దాని మీద పౌడర్ కోటింగ్ వేయించవచ్చు. పై పొర జింకుని కాపాడుతుంది, పై పొర చిరిగిన చోట జింకు ఇనుముని కాపాడుతుంది. రెండూ విడివిడిగా వచ్చే కాలాన్ని కూడిన దానికన్నా కలిపితే ఎక్కువ కాలం వస్తుంది. సముద్రం దగ్గర ఊళ్ళ వాళ్ళు, రోడ్డు మీద కనపడే పెద్ద గేటు కట్టించేవాళ్ళు ఆలోచించదగ్గ పద్ధతి. కాకపోతే జింకు ఉపరితలాన్ని సరిగ్గా సిద్ధం చేయాలి, లేకపోతే పొడి పొర పెచ్చులుగా లేస్తుంది. జింకు మీద వేసిన అనుభవం ఉన్న షాపునే అడగండి. జి.ఐ. మీద ఎనామెల్ నేరుగా కొడితే కూడా ఇలాగే ఊడుతుంది, దానికి వేరే ప్రైమరు ఉంటుంది.

స్టెయిన్‌లెస్ స్టీలు గురించి ఒక్క మాట. దానికి పూతే అక్కర్లేదు. కానీ పాక మొత్తానికి పెట్టలేం. తేనె, నూనె, పాలు, పులుపు తగిలే గిన్నెలకి 304 రకం తీసుకోండి. చవకగా వచ్చే 202 రకం తుప్పుకి అంతగా తట్టుకోదు. పౌడర్ కోటింగ్ గిన్నెలో తినే వస్తువు పెట్టకండి, అది ఆహారానికి పనికొస్తుందని తయారీదారు చెప్పి ఉంటే తప్ప.

6. ఏ వస్తువుకి ఏది? నేను చెప్పేది ఇదీ

- పాక స్తంభాలు: వేడి ముంచుడు గాల్వనైజింగ్. దాంతోపాటు మొదట్లో అడుగు ఎత్తు సిమెంటు దిమ్మ, పైభాగం నలువైపులా వాలుగా, నీళ్ళు నిలవకుండా. ఖర్చు కుదరకపోతే మామూలు ఇనుముకి మంచి పెయింటు వేసి, దిమ్మ మాత్రం తప్పకుండా కట్టండి. పూత కన్నా దిమ్మే ఎక్కువ కాపాడుతుంది.
- పశువుల్ని కట్టే గొట్టాలు, మేత తొట్టి అంచులు: గాల్వనైజింగే. గొలుసు, కొమ్ము రోజూ రాసుకునే చోట పౌడర్ కోటింగ్ నిలవదు.
- కూరగాయల పందిరి, ద్రాక్ష పందిరి: గాల్వనైజ్ చేసిన స్తంభాలు. తీగ కొనేటప్పుడు ఎక్కువ జింకు ఉన్నది అడగండి, పలచటి పూత తీగ చవకే గానీ త్వరగా ఎర్రబడుతుంది. రాతి కడీలు దొరికే ఊళ్ళ వాళ్ళకి ఇనుప స్తంభాల అవసరమే లేదు. రాయికి తుప్పు లేదు.
- గేటు, కిటికీ గ్రిల్, బోర్డు: పౌడర్ కోటింగ్ ఇక్కడ బాగా సరిపోతుంది. పాలియెస్టర్ పొడి, ముందు వెల్డింగ్ పూర్తి, తర్వాతే కోటింగ్.
- విత్తనాల గది అరలు, బల్లలు: ఇంటి లోపల కాబట్టి పౌడర్ కోటింగ్ చాలు. హైబ్రిడ్ పొడి అయినా పర్వాలేదు.
- జీవామృతం డ్రమ్ము స్టాండు: రోజూ తడిసేది, అప్పుడప్పుడు మూత్రం ఒలికేది. గాల్వనైజింగ్ పెట్టి, ఒలికినప్పుడు కడగాలి. లేదంటే ఇటుకల దిమ్మ. నేను ఇటుకలకే ఓటు వేస్తాను.
- కొడవలి, పార, గునపం: ఏ పూతా వద్దు. వాడాక కడిగి, ఆరబెట్టి, కొంచెం నూనె గుడ్డ రాస్తే చాలు.

7. షాపులో ఏం అడగాలి, ఎలా చూడాలి?

పౌడర్ కోటింగ్ షాపుకి వెళ్ళినప్పుడు మూడు ప్రశ్నలు. ఏ పొడి? తొట్లలో ముంచుతారా, తుడిచి కొడతారా? ఎన్ని మైక్రాన్లు? మందం కొలిచే చిన్న మీటరు మంచి షాపుల్లో ఉంటుంది, ఆనించి చూపించమనండి. పనికిరాని ముక్క ఒకటి అదే విడతలో కోటింగ్ చేయించుకోండి. దాని మీద బ్లేడుతో అడ్డం నిలువు గళ్ళు గీసి, గట్టి టేపు అతికించి లాగండి. గళ్ళు ఊడి టేపుకి వస్తే లోపల కడుగుడు సరిగ్గా జరగలేదని అర్థం.

గాల్వనైజింగ్ అయితే పైపు చివర లోపలికి చూడండి. ముంచినదైతే లోపల కూడా బూడిద రంగు జింకు, అంచుల్లో కారిన గుర్తులు ఉంటాయి. జి.పి. పైపులో అతుకు గీత కనపడుతుంది. కొందరు వెండి రంగు పెయింటు కొట్టి జి.ఐ. అని చెప్తారు. గుడ్డకి థిన్నరు అద్ది రుద్దండి, పెయింటైతే గుడ్డకి అంటుతుంది.

ధర పోల్చేటప్పుడు ఒక చిక్కు ఉంది. గాల్వనైజింగ్ కిలో లెక్కన ఉంటుంది, పౌడర్ కోటింగ్ చాలా చోట్ల చదరపు అడుగు లెక్కన. సన్నటి పైపుల గేటుకి ఒకటి చవక, బరువైన స్తంభానికి ఇంకోటి చవక అవుతుంది. రెండు చోట్లా మీ వస్తువుకి మొత్తం ఎంత అవుతుందో అడిగి, రవాణా కలిపి, ఎన్నేళ్ళు వస్తుందో దాంతో భాగించండి. సంవత్సరానికి ఎంత పడిందో అదే అసలు ధర.

8. వెల్డింగ్ చేసే తమ్ముడి ఆరోగ్యం

జి.ఐ. పైపు మీద వెల్డింగ్ చేస్తే తెల్లటి పొగ వస్తుంది. అది జింకు పొగ. పీల్చితే కొన్ని గంటల తర్వాత చలిజ్వరం వచ్చినట్టు వణుకు, ఒళ్ళు నొప్పులు వస్తాయి, ఒకటి రెండు రోజుల్లో తగ్గుతాయి. పాలు తాగితే ఏం కాదంటారు, బెల్లం తింటే పోతుందంటారు. పాలు కడుపులోకి పోతాయి, పొగ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అతుకు దగ్గర జింకుని ముందే గ్రైండరుతో తీసేయడం, గాలి వచ్చే చోట చేయడం, పొగకి ఎదురుగా తల పెట్టకపోవడం, సరైన మాస్కు పెట్టుకోవడం ఇవీ రక్షణ. గ్రైండరు పట్టేటప్పుడు కూడా మాస్కు, కళ్ళద్దాలు ఉండాలి. వెల్డింగ్ అయ్యాక ఆ చోట జింకు కాలిపోయి ఉంటుంది. వైరు బ్రష్షుతో రుద్ది జింకు ఎక్కువగా ఉండే పెయింటు రెండు కోట్లు వేయించండి. దాన్ని మా ఊళ్ళో కోల్డ్ గాల్వనైజింగ్ డబ్బా అంటారు. వెండి రంగు స్ప్రే దానికి బదులు కాదు.

ఇంకా మంచిది, వీలైనంత వరకు బోల్టులతో బిగించే నమూనా గీయించుకోవడం. అప్పుడు అతుకులూ ఉండవు, రేపు ఒక స్తంభం మార్చాలన్నా సులువు. బోల్టులు కూడా ముంచి గాల్వనైజ్ చేసినవే అడగండి.

9. వేశాక చేయాల్సింది

ఏ పూతైనా ఏడాదికోసారి, వానాకాలానికి ముందు, పాక చుట్టూ ఒక అరగంట తిరగండి. స్తంభం మొదళ్ళలో పేడ గీకి నీళ్ళతో కడగండి. బొబ్బ కనపడితే అప్పుడే గీకి, ఉప్పు కాగితంతో రుద్ది, ప్రైమరు, పెయింటు వేయండి. అరచేయంత చోటుకి అరగంట పని. వదిలేస్తే వచ్చే ఏడాది స్తంభం పని. కొత్త జి.ఐ. రేకులు తడిగా ఒకదాని మీద ఒకటి పేర్చకండి, మధ్యలో తెల్ల తుప్పు పడుతుంది. మధ్యలో పుల్లలు పెట్టి గాలి ఆడనివ్వండి.

మూత్రం కాలువ వాలు సరిచేసి, మూత్రం స్తంభాల వైపు కాకుండా తొట్టిలోకి పోయేలా చేస్తే రెండు లాభాలు. ఇనుము నిలుస్తుంది, జీవామృతానికి గోమూత్రం వృథా కాకుండా దొరుకుతుంది. ఏ షాపులోనూ దొరకని పూత ఇదేనండి.

మీ ఊరు సముద్రానికి ఎంత దూరం, ఎన్ని పశువులు, ఏ వస్తువు చేయించాలనుకుంటున్నారు అనేది వీడియో కింద రాయండి. నాకు తెలిసినంత వరకు చెప్తాను. ఇప్పటికే పౌడర్ కోటింగ్ పాక కట్టుకుని అయిదేళ్ళు దాటినవాళ్ళు ఉంటే స్తంభాల మొదళ్ళ ఫొటోలు పెట్టండి. కొత్తగా కట్టుకునేవాళ్ళకి నా మాట కన్నా అవే ఎక్కువ ఉపయోగపడతాయి.